కార్చిచ్చు ముప్పు, ఆరుబయట నిప్పుపై ఆంక్షలు (విక్టోరియా, ఆస్ట్రేలియా)

విక్టోరియా ఆస్ట్రేలియాకు ఆగ్నేయాన ఉన్న రాష్ట్రం. అక్కడి పల్లెలకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగే వేసవిలో కార్చిచ్చు భయం తప్పదు. ఎండుగడ్డి, నూనె నిండిన యూకలిప్టస్ ఆకులు, ఉత్తరం నుంచి వీచే వడగాలి కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. చెట్టు నుంచి పొరలుగా ఊడిన బెరడు మండుతూనే గాలికి లేచి, కిలోమీటర్ల అవతల పడి కొత్త మంట రాజేస్తుంది. గాలి నైరుతికి మళ్లితే మరీ ప్రమాదం: అప్పటిదాకా మంటకు పక్క అంచుగా ఉన్నదంతా ముందుకు దూసుకొస్తుంది. 2009 ఫిబ్రవరి 7న, ‘బ్లాక్ సాటర్‌డే’ నాడు, ఇదే జరిగింది. ఆ కార్చిచ్చుల్లో కింగ్‌లేక్, మేరీస్‌విల్ వంటి ఊళ్లు కాలిపోయాయి. 173 మంది మరణించారు.

గ్రామీణ అగ్నిమాపక సంస్థ సీఎఫ్ఏలో అత్యధికులు జీతం లేని స్వచ్ఛంద సేవకులే. ఏటా ప్రాంతాల వారీగా అగ్ని ప్రమాద కాలాన్ని ఈ సంస్థే ప్రకటిస్తుంది. ఆ రోజుల్లో అనుమతి లేకుండా చెత్త, పంట మోళ్లు తగలబెట్టరాదు. చలిమంటకూ కొలతలున్నాయి: గాలి వేగం గంటకు 10 కిలోమీటర్లు మించకూడదు, చుట్టూ 3 మీటర్ల మేర మండే వస్తువులేవీ ఉండకూడదు, పెద్దవాళ్లెవరైనా దగ్గరే కాపలా ఉండాలి. ముప్పు ముదిరిన రోజున సంపూర్ణ నిషేధం విధిస్తారు.

2022 సెప్టెంబరు నుంచి దేశమంతటా ప్రమాద సూచికకు నాలుగు స్థాయులున్నాయి. చివరిదైన ‘కెటాస్ట్రోఫిక్’ ప్రకటిస్తే ఇల్లు కాపాడుకుందామని ఆగకూడదు, ముందే వెళ్లిపోవాలి. మెల్‌బోర్న్ నుంచి పల్లెలకు విహారానికి వెళ్లే తెలుగువారు బయలుదేరేముందు ఆ రోజు నిషేధం ఉందేమో చూసుకోవాలి. ఉంటే ఆరుబయట బొగ్గుల పొయ్యి వెలిగించినా నేరమే.