ప్లగ్ పాయింట్ల అమరిక (అమెరికా ఇళ్లు)

అమెరికాలో కొత్తగా కట్టే ఇళ్లలో ప్లగ్ పాయింట్లు ఎక్కడెక్కడ ఉండాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ నిర్దేశిస్తుంది. 1897లో మొదలైన ఈ నియమావళిని ఇప్పుడు నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ మూడేళ్లకోసారి సవరిస్తుంది. రాష్ట్రాలు, నగరాలు తమ మార్పులతో దాన్ని చట్టం చేసుకుంటాయి.

హాలు, పడకగదుల్లో గోడ వెంట ఏ చోటైనా పాయింటుకు 6 అడుగుల లోపే ఉండాలి. అంటే ఒకే గోడపై రెండు పాయింట్ల మధ్య 12 అడుగులు దాటకూడదు. తలుపు వస్తే కొలత అక్కడ ఆగి, అవతల మళ్లీ మొదలవుతుంది. 2 అడుగుల గోడ ముక్కకూ ఒకటి కావాలి. టేబుల్ లైటు వంటివాటి వైరు సుమారు 6 అడుగులుండటం ఈ లెక్కకు ఆధారం. తివాచీ కింద నలిగిన ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కి ఇల్లు అంటుకోకూడదన్నదే అసలు ఉద్దేశం. నేల నుంచి అయిదున్నర అడుగులకు పైనున్న పాయింట్లు లెక్కలోకి రావు.

వంటగట్టు వెనక గోడ వెంట మాత్రం ఏ చోటైనా పాయింటుకు 24 అంగుళాల లోపే ఉండాలి. గది మధ్యలో విడిగా ఉండే గట్టుకు, దాని పైభాగం కంటే దిగువన పక్కవైపు పాయింటు పెట్టడాన్ని 2023 కూర్పు నిలిపేసింది. వేలాడే వైరును పసిపిల్లలు లాగడంతో మరుగుతున్న పాత్రలు మీదపడి కాలిన ఘటనలే కారణం. ఇది ఎంతో ముందే రావలసిన మార్పు.

స్నానాలగదిలో వాష్‌బేసిన్ అంచుకు 3 అడుగుల లోపు పాయింటు ఉండాలి. దానికి జీఎఫ్‌సీఐ (గ్రౌండ్ ఫాల్ట్ సర్క్యూట్ ఇంటరప్టర్) రక్షణ తప్పనిసరి. సుమారు 5 మిల్లీ ఆంపియర్లు లీకైనా అది కరెంటు ఆపేస్తుంది.