పోతన ప్రాసలు చెప్పిన సాక్ష్యము



పొలము దున్నునది ఏరు; పొలిమేరలోఁ బాఱునది ఏఱు. చెట్టునకుండునది వేరు; అన్నదమ్ములు విడిపోయినచో వేఱు. వ్రాఁతలో నక్షరములు రెండు. నోట నేఁడు ధ్వని యొక్కటే. పూర్వ మట్లు గాదు. నాలుక యొక్కమాఱు తాఁకినచో ర పుట్టెడిది. పలుమాఱులు కంపించినచో ఱ పుట్టెడిది. మొదటిది లఘురేఫము, రెండవది యలఘురేఫమని వ్యాకర్తలు. బడిలో మనము నేర్చినది బండి ఱ.

ఈ భేదము వాడుకలో నెప్పుడు నశించెను? అందులకు సాక్షి జనగామ సీమలోనే కలఁడు. పద్యపాదములలో రెండవ యక్షరము ఒకే హల్లుగా నుండవలెనని ప్రాసనియమము గదా. 11వ శతాబ్దమున నన్నయ ప్రాసలో ర, ఱలను గలుపలేదు. 15వ శతాబ్దమున బమ్మెర పోతన కలిపెను. ఆ కతముననే పూర్వలాక్షణికులు భాగవతము నుదాహరింపరైరని తరువాతివారు వ్రాసిరి.

పండితులకది దోషము, చరిత్రకారునకు నిధి. లేఖకుఁడు పద్యమధ్యమున నొక యక్షరమును మార్చినను మనకుఁ దెలియదు. ప్రాసను మార్చవలెనన్న పద్యమంతయుఁ దిరుగవ్రాయవలెను. కావునఁ బ్రాస నమ్మఁదగిన సాక్షి. నాఁటికే యీ సీమవారి నోట రెండు ధ్వనులు నొక్కటియై యుండెననియు, పోతన తన చెవికి వినఁబడినట్లే వ్రాసెననియు నూహింపవచ్చును.

మనము విడిచిన ధ్వని లోకమునుండి పోలేదు. మలయాళీయులు నేఁటికిని రెంటిని వేఱుగాఁ బలుకుదురు. అరకు ప్రాంతపుఁ గొండదొరల కూబి భాషలోను ఈ భేదము నిలిచియున్నదని భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లోఁ బ్రకటించిన గ్రంథమునఁ జూపిరి. అక్షరమును గాపాడిన మనము ధ్వనిని బోఁగొట్టుకొంటిమి; అక్షరమే యెఱుఁగని కొండవారు ధ్వనిని గాపాడిరి!

మహబూబాబాదు, భూపాలపల్లి యడవులలోని కోయల పలుకు గోండికి మిక్కిలి దగ్గఱిది. మన తెలుఁగునకు బంధువు. దానిని విడిచి తెలుఁగే మాటలాడు కోయకుటుంబములు నేఁడు గలవు. సంతలో నా పలుకు వినఁబడినపుడు పరిహసింపకుఁడు. మీలో వ్రాయనేర్చినవారు, ఆ ముదుసళ్లు కోడి నేమందురో, ఏటి నేమందురో యడిగి వ్రాసికొనుఁడు. మన భాష పూర్వచరిత్ర కొంత వారి నాలుకపై నుండవచ్చును. ఒకమాఱు నోరు విడిచిన ధ్వనిని అక్షరము మరలఁ దేలేదు. అందులకు మన ఱకారమే నిదర్శనము.