మండువా లేని ఇల్లు

పోతనాళ చుట్టుపక్కల క్యాంపుల్లో పెరిగిన మన పిల్లలకు మండువా లోగిలి అంటే సినిమాల్లో చూసిందే. అది పెద్దింటి దర్జా కోసమే పుట్టిందనుకుంటారు. కాదు, వానకీ ఎండకీ పుట్టింది. ఇంటి నడుమ ఆకాశం కనబడే ఖాళీ, చుట్టూ నాలుగు వసారాలు. పెంకులన్నీ లోపలికే వాలి ఉంటాయి. వాననీళ్లు మండువాలో పడి తూములోంచి బయటికి పోతాయి. వేడి గాలి పైకి పోతుంది, వెలుతురు గదులన్నిటికీ అందుతుంది. ఇంగ్లండు పల్లెల్లో పాత భూస్వాముల ఇళ్లకీ నడుమ పెద్ద హాలే ఉండేది. కాకపోతే అక్కడ మధ్యలో నెగడు, దాని పొగ పైకప్పు దాకా లేచేది. 16వ శతాబ్దంలో పొగగొట్టాలు ప్రబలాకే హాలు మీద అంతస్తు వేసుకున్నారు.

రాయచూరు సీమలో వాన తక్కువ. ఇక్కడి పాత ఇళ్లు రాతిగోడల మట్టిమిద్దెలు. దూలాల మీద కర్రలు పరిచి పైన మట్టి కొడతారు, వెలుగుకీ పొగకీ కప్పులో ఒక గవాక్షం. చాలా ఇళ్లలో గడప దాటగానే ఎడ్లు, తర్వాతే మనుషులు. మనవాళ్లు మొదట ముక్కు చిట్లించారట. ఏప్రిల్ ఎండ తగిలాక ఆ గోడల విలువ తెలిసింది.

తుంగభద్ర నీళ్లు 1953లో వదిలారు. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోది, 1956లో మైసూరులో కలిసింది. ఎడమ కాలవ కింద నేల కొనుక్కుని వచ్చిన కోస్తా కుటుంబాల్లో మా తాతయ్యగారిదీ ఒకటి. ముందు పాక. నాలుగు డబ్బులు ఆడాక ఇల్లు: శాబాదు బండల నేల, పొడుగాటి వసారా, మంగళూరు పెంకు (ఆ పెంకు ఫ్యాక్టరీ మొదట పెట్టింది బాసెల్ మిషన్ వాళ్లు, 1865లో). గోడలు మాత్రం ఇక్కడి మేస్త్రీ చేత రెండడుగుల మందాన రాతితో కట్టించారు. మండువా మానేశారు. ధాన్యం బస్తాలకు చోటు కావాలి, టేకు దూలాలు కొనే స్తోమత లేదు. నాన్నమ్మకి ఆ లోటు తీరలేదు. వసారా మూల కొంత మేర పెంకు వెయ్యనివ్వకుండా ఆపించి, కింద తులసికోట పెట్టించుకుంది.

ఇప్పుడు వాసాలకు చెద పట్టింది. అంతా పడగొట్టి స్లాబు వేద్దామని అన్నదమ్ముల్లో ఒక మాట. గోడలు ఉంచి కప్పు ఒక్కటే మారిస్తే చాలదా అని మా వాదన. లెక్క తేలలేదు. ఈలోగా కొలతలు రాసి పెట్టాం: వసారా పొడుగు 32 అడుగులు, వెడల్పు 9. తులసికోట మీది ఆకాశం 4 అడుగులకు 3.