హుకుం తెలుగులో అచ్చయితే

నిజాం రాజ్యంలో ప్రజల తిరుగుబాటు కథ చెప్పేవాళ్లు చాలామంది 1946 జూలై 4న, కడివెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన రోజుతో మొదలుపెడతారు. దానికి ముందున్న పాతికేళ్లు వాళ్ల లెక్కలో వకీళ్ల కాలం, అర్జీల కాలం. ఒక పేరా రాసి ముందుకు సాగిపోతారు. ఆ పేరా చాలదు. సర్కారును నిలదీయడం తెలంగాణ పల్లెకు తుపాకీతో పాటు వచ్చిన విద్య కాదు. సర్కారు జారీ చేసిన ఉత్తర్వులనే తెలుగులో అచ్చువేసి, ఆ ఉత్తర్వులు ఎవరి మీద అమలు కావాలో వాళ్ల చేతికే అందించిన నాడు ఆ విద్య మొదలైంది. ఆ పని చేసింది ఆంధ్ర జనసంఘం.

సంఘం పుట్టుక కథ తరచు వినేదే. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ఆవరణలో సంఘ సంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి ఆపేశారు. ఆ అవమానంలోంచే మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటివారు సంఘం పెట్టుకున్నారు. దీన్ని భాషాభిమానం కథగా మాత్రమే చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. రాజ్యంలో దాదాపు సగం మందిది తెలుగు; కచేరీలో, న్యాయస్థానంలో, 1919లో తరగతులు మొదలుపెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ. తన పొలం మీద ఏ హుకుం వచ్చిందో, తన దగ్గర వసూలు చేస్తున్నది ఏ లెక్క ప్రకారమో రైతు సొంతంగా చదువుకోలేడు. పట్వారీ ఏది చెబితే అదే చట్టం. ఇలాంటి చోట భాష కోసం అడగడమంటే లెక్క అడగడమే.

అందుకే సంఘం తొలినాళ్ల ప్రచురణలను గమనించాలి. శాసనాల సేకరణ, చరిత్ర పరిశోధన పండితులకు నచ్చే పనులు. వాటితో పాటే వెట్టిచాకిరి మీద, వర్తకుల స్వాతంత్ర్యం మీద చిన్న పుస్తకాలు వచ్చాయి. దౌరాకు వచ్చిన తహసీల్దారుకు, అమీనుకు ఊరు ఊరంతా చాకిరీ చేయాలి. చాకలి, మంగలి, కుమ్మరి పని మానుకుని రావాలి, మాదిగ సామాను మోయాలి, కోమటి ఉప్పూ పప్పూ పేరుకొక ధర కట్టుకుని, ఒక్కోసారి ఉచితంగానే, బసకు పంపాలి. అయితే కూలికి డబ్బివ్వాలని, సరుకుకు ధర చెల్లించాలని చెప్పే ఉత్తర్వులు సర్కారు దఫ్తర్లలో అప్పటికే ఉన్నాయి. సంఘం కొత్త హక్కేమీ కనిపెట్టలేదు; ఉన్నదాన్ని బయటపెట్టింది. ఊళ్లో చదవగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మందే కదా, పుస్తకం వేసి ఏం లాభమని అడగవచ్చు. ఒకడు చదివితే పదిమంది వినే రోజులవి. 1901లో రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం దగ్గర్నుంచి జిల్లాల్లో పుట్టిన గ్రంథాలయాలు, 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రిక ఆ ఒక్కణ్ణి తయారుచేసే పని పెట్టుకున్నాయి. బడి సంగతీ ఇంతే. మాడపాటి 1928లో నారాయణగూడలో పెట్టిన తెలుగు బాలికల పాఠశాలకు బోధన ఉర్దూలో లేదని ఇక్కడ గుర్తింపు దొరకలేదు. ఆ పిల్లలు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాశారు.

అర్జీలు దేన్నీ కదిలించలేదని, వెట్టి ఆగలేదని వామపక్ష చరిత్రకారులు అంటారు. వెట్టి ఆగని మాట నిజమే. ఉత్తర్వు చూపిన కూలీకి డబ్బు బదులు దెబ్బలు పడే అవకాశమే ఎక్కువ. జాగీర్లలోనైతే దివానీ ఉత్తర్వులను పట్టించుకునేదెవరు? అయితే ఈ పనిలో పస లేదనుకుంటే సర్కారు తీరు అర్థం కాదు. సభ జరపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలనే గస్తీ నిషాన్ 53 ఎందుకు వచ్చింది? ప్రైవేటు బడికి కూడా అనుమతి కావాలన్న ఆంక్ష దేనికి? ఈ సంఘమే ఎదిగి ఏర్పడిన ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో, 1931లో దేవరకొండలో జరిగి, మూడోసారి ఖమ్మంలో చేరడానికి 1934 దాకా పట్టింది. వకీళ్ల తీర్మానాలు వట్టి కాగితాలని మనవాళ్లు అనుకున్నారేమో గాని, కొత్వాలీ అలా అనుకోలేదు.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. నాయకులు భూములున్నవాళ్లు, పై కులాలవాళ్లు. తహసీల్దారు వెట్టిని తప్పుపట్టినంత గట్టిగా దేశ్‌ముఖ్ గడిలో వెట్టిని తప్పుపట్టలేదు. జోగిపేటలో అంటరానితనం గురించి భాగ్యరెడ్డి వర్మ మాట్లాడటానికే సనాతనులు అడ్డుచెప్పారు. దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు, కొట్టిపారేయాలనీ నాకు లేదు. ఆ పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ జరిగిందని చెప్పుకున్నా ఈ లోటు తీరదు. కాని అధికారి చేయించుకునే వెట్టి చట్టవిరుద్ధమని తెలిసిన మనిషి, దొర చేయించుకునేది ఏ చట్టం ప్రకారమని అడగకుండా ఎన్నాళ్లుంటాడు? పుస్తకం వేసినవాళ్లు ఎక్కడ ఆగాలనుకున్నారో, చదివించుకుని విన్నవాళ్లు అక్కడే ఆగనక్కర్లేదు.

వాళ్లు ఆగలేదు కూడా. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యే నాటికి మహాసభలో యువకుల బలం పెరిగింది. 1944లో భువనగిరిలో ఆయనే మళ్లీ అధ్యక్షుడు. సభ్యత్వం అణాకు దిగింది. మితవాదులు విడిపోయి వేరే మహాసభ పెట్టుకున్నారు. అణా ఇచ్చి చేరినవాళ్లలో బసకు సామాను మోసినవాళ్లు, గడిలో బట్టలుతికినవాళ్లు ఉన్నారు. మహాసభ అన్నది వాళ్ల నోట ఉత్త ‘సంఘం’ అయింది. 1921 నాటి సంఘానికి వీళ్లు అర్జీలోని విషయం మాత్రమే. ఇప్పుడు అర్జీ ఎవరికి పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో వీళ్లే తేల్చుకుంటున్నారు.