ఆతకూరు కాళియు రాజపాళయపు శునకమును

మండ్య మండలమున ఆతకూరను చిన్న గ్రామము కలదు. అచ్చటి దేవాలయము కడ దొరకిన యొక శిలాఫలకము నేడు బెంగుళూరు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో నున్నది. క్రీ.శ. 949-50 నాటి కన్నడ శాసన మది. తక్కోలపు యుద్ధమున చోళ రాజాదిత్యుడు గూలిన వృత్తాంతమును దెలుపుచున్నందున చరిత్రకారులు దానిని మిక్కిలి విలువైనదిగా నెంచుదురు. కాని మమ్ము ఆకర్షించినది అందలి రెండవ కథ. ఆ యుద్ధమున పరాక్రమించిన మణలేరుని మెచ్చి, గంగరాజగు బూతుగుడు, నీకేమి వలయునో కోరుకొమ్మనెను. మణలేరుడు కోరినది కాళియను వేటకుక్కను. తరువాత నా కాళి బేళతూరు కొండ చెంత నొక యడవిపందితో పోరాడి, దానిని చంపి తానును మడిసెను. ఆ పోరాటమును శిలపై చెక్కించి, దేవాలయము ముందర నిలిపి, దాని పూజకై భూమిని సైత మిచ్చిరి. ఒక కుక్క పేరు వేయేండ్లకు పైగా నిలిచియుండుట సామాన్య విషయము కాదు. ఇందు గమనింపదగినది మఱియొకటి కలదు. మణలేరుడు కాళిని సంతలో కొనలేదు, బహుమానముగా పొందెను.

తెలుగువారికి ఈ భావము క్రొత్తది కాదు. మన ఆదికవి నన్నయభట్టారకుని భారతమున మొదటి కథలలో నొకటి సరమ యను దేవశునిది. తన బిడ్డను నిష్కారణముగా కొట్టిరని యామె జనమేజయునికడ మొఱపెట్టుకొనెను. తుదకు తిక్కన సోమయాజి మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు వెంట నడచినదియు కుక్కయే.

ఇక మన పూర్వుల వలసలకు వత్తము. విజయనగర ప్రభువుల కాలమునను, పిదప మధుర నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలి స్థిరపడిన తెలుగువారిలో రాజపాళయపు రాజు లొకరు. పడమటి కనుమల పాదమున, నేటి విరుదునగర మండలములో నున్న ఆ పట్టణమున వారు నేటికిని ఇంట తెలుగే మాటాడుదురు. 1949 మొదలు 1952 వఱకు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రియై, పిమ్మట ఒడిస్సాకు గవర్నరైన పి.యస్. కుమారస్వామిరాజుగా రీ యూరివారే. ఆ యూరి పేరుతోనే లోకమున చెలామణి యగుచున్నది తెల్లని మేనును, గులాబిరంగు ముక్కును, బంగారు వన్నె కన్నులును గల వేటకుక్క. నాయకరాజుల నాటి పాలెగాండ్రు దీనిని పోషించిరనియు, ఆంగ్లేయులతో జరిగిన పాలెగారి యుద్ధములలో వాడిరనియు ప్రతీతి. 2005లో భారత తపాలాశాఖ నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో బిళ్ళలు ముద్రించినపుడు వానిలో రాజపాళయమును, కర్ణాటకములోని ముధోళమును చోటు చేసికొనెను. తెలుగు కుటుంబములకు గర్వము కలుగుట సహజమే.

ఆ గర్వమే నేడు బేరగాండ్ర చేతిలో పెట్టుబడి యైనది. పేరు గల జాతి కుక్కకు గిరాకి పెరిగినకొలది, ఇరుకు పాకలలోను, మిద్దెలపైని ఇనుప పంజరములలోను తల్లికుక్కలను బంధించి, ఎదకు వచ్చిన ప్రతిసారియు దాటించి, పిల్లలను చనుబాలు మానకమున్నే అమ్మెడి వ్యాపారము పుట్టినది. కుక్కపిల్లల కార్ఖానా యనుట తగును. అచ్చట తల్లికిని కొడుకునకును, అన్నకును చెల్లెలికిని సంబంధము కలుపుటకు వెనుదీయరు. పూర్ణశ్వేత వర్ణముగల కుక్కలలో పుట్టుచెవుడు హెచ్చుగా కనబడునని పశువైద్యులు చెప్పుదురు. దగ్గఱి రక్తమునే మరల మరల కలిపినచో ఇట్టి దోషములు ఇంకను ప్రబలును. మచ్చలేని తెలుపే కావలెనని కొనువాడు పట్టుపట్టుట, ఆ తెలుపునకై అమ్మువాడు జాతి నంతటిని ఇరుకున పెట్టుట! జాతిని కాపాడుచున్నామను మాట యిట నిలువదు.

ఈ మాట పొట్టకూటి బేరగాండ్రకే చెల్లునది కాదు. రాజపాళయము మొదలగు తమిళదేశపు కుక్కలను వృద్ధి చేయుటకై మదరాసు సైదాపేటలో ప్రభుత్వమే యొక కేంద్రమును నడిపెను. అందలి స్థితిగతులపై ఫిర్యాదు రాగా, మదరాసు హైకోర్టు 2016లో దానిని మూసివేయ నాజ్ఞాపించెను. మఱుసటి యేడు, అనగా 2017లో, కేంద్ర ప్రభుత్వము కుక్కల పెంపకమును, విక్రయమును గూర్చి నియమములు చేసెను. పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలికడ నమోదు కావలెను. పదునెనిమిది నెలలు నిండని ఆడుకుక్కను దాటింపరాదు. ఏటి కొక్క ఈతకు మించరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. నియమములు మంచివే. వానిని అమలుజరుపు చేయి గట్టిది కాదని మా యభిప్రాయము. కొనువారు తల్లిని చూపుమని యడుగుట ప్రారంభించిన నాడు సగము బేరములు తామే ముగియును.

జాతికుక్కను కొనుచున్న వీధిలోనే జాతి లేదన్న కుక్క యున్నది. దాని చరిత్ర మఱింత దుఃఖకరము. మదరాసు నగరమున 1860 ప్రాంతమున వీధికుక్కలను పట్టి చంపుట మొదలైనది. 1996 నాటి కది దినమునకు 135 వఱకు పెరిగినదని బ్లూక్రాసు వారు వ్రాసిరి. నూట ముప్పదియైదేండ్లు చంపినను కుక్కలు తగ్గలేదు. 1959లో కెప్టెన్ వి. సుందరముగారు, ఆయన కుటుంబమువారు స్థాపించిన ఆ సంస్థ, చంపుటకు మాఱుగా గొడ్రాలు చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడుచుటను 1964 నుండి చేసి చూపెను. నగరపాలక సంస్థ దానిని పూర్తిగా నంగీకరించుటకు ముప్పది రెండేండ్లు పట్టెను. 2001లో అది దేశమంతటికి నియమ మాయెను. 2023లో ఆ నియమములను తిరిగి వ్రాసిరి.

పిచ్చికుక్క కాటు భయము మిథ్య యని మేమనము. ఆ భయము వలననే గదా 1907లో కూనూరున పాశ్చరు సంస్థ వెలసినది. కాని ఆ భయమునకు మందు టీకా. టీకా వేసి యింట పెంచిన వీధికుక్క వలన ఆ జాడ్యపు భయము తగ్గునే కాని పెరుగదు. ఆశ్రయశాలలలో నిప్పు డిట్టి కుక్క లెన్నియో యిండ్లకై ఎదురుచూచుచున్నవి. మంచుదేశపు హస్కీని మదరాసు యెండలో పెంచి, దానికొఱకు చల్లనిగాలి యంత్రమును కొనువారిని చూచి మేము నవ్వుకొనిన సందర్భములు కలవు. పొట్టి వెండ్రుకల నాటుకుక్క కా యంత్రముతో పనిలేదు.

రాజపాళయపు కుక్కయే కావలెనను ముచ్చట యున్నవారి కొక మాట. బేరగాండ్రు పనికిరావని విడిచిన చెవిటి రాజపాళయపు కుక్కలను చేరదీయువారు కలరు. అట్టిదానిని తెచ్చుకొనుటకు సంకోచింప నక్కఱలేదు. చెవిటి కుక్క చేతిసైగలను చక్కగా నేర్చును. దానిని గొలుసు లేక వీధిలోనికి విడువరాదు, వెనుకనుండి చప్పున ముట్టరాదు. నిద్రించుచున్నపుడు నేలపై మెల్లగా తట్టినచో, ఆ యదురు తెలిసి అదియే లేచి వచ్చును.