గొంతు ఒక్కటే చాలలేదు

అద్దం ముందు నిలబడి జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది బార్బరా. ఒంపుసొంపులు తెలిసే దుస్తులు పక్కన పడేసి వదులు కోటు తొడిగింది. కావాలనే ఒళ్లు కూడా చేసింది. ఇదంతా డిబేట్ జట్టు కారులో ఒక సీటు కోసం.

హ్యూస్టన్‌లోని టెక్సాస్ సదరన్ యూనివర్సిటీలో జట్టు కోచ్ థామస్ ఫ్రీమన్. పొరుగూరి పోటీలకు ఆడపిల్లల్ని తీసుకెళ్లేవాడు కాదు. మగపిల్లలతో కలిసి అంతంత దూరాలు ప్రయాణమంటే నలుగురూ ఏమనుకుంటారో అని. బార్బరా జోర్డాన్ ఆయనతో వాదన పెట్టుకోలేదు, అభ్యంతరానికే చోటు లేకుండా చేసింది. నోరు విప్పడానికి ఆడపిల్ల వేషం మార్చుకోవలసి రావడం గొప్పగా చెప్పుకోవలసిన సంగతేమీ కాదు. కానీ జరిగింది అదే. కారులో సీటు దొరికింది.

ఆ పట్టుదల హైస్కూల్లో మొదలైంది. హ్యూస్టన్ ఐదో వార్డు, ఫిలిస్ వీట్లీ హైస్కూల్. నల్లజాతి పిల్లల బడి అది. అప్పట్లో తెల్లపిల్లల బడులు వేరు, వాళ్ల పోటీలూ వేరు. తండ్రి బెంజమిన్ గోదాములో గుమాస్తా, చర్చిలో బోధకుడు. అన్నీ 'ఎ'లు వచ్చి ఒక్క 'బి' వస్తే, ఆ 'బి' సంగతేమిటని అడిగే మనిషి. ఒకరోజు షికాగో నుంచి ఈడిత్ శాంప్సన్ అనే నల్లజాతి న్యాయవాది ఆ బడికి వచ్చి మాట్లాడింది. విన్న పిల్లల్లో బార్బరా ఒకతె. తానూ లాయరే అవుతానని ఆ రోజే తేల్చుకుంది.

1952లో షికాగోలో జరిగిన జాతీయ వక్తృత్వ పోటీలో 16 ఏళ్ల బార్బరాకి మొదటి బహుమతి వచ్చింది. గంటకొట్టినట్టుండే గొంతు, ప్రతి అక్షరాన్నీ తూచి వదిలే తీరు. చర్చిలో పెరిగిన పిల్లలకు అది కొంత ఊరికే అబ్బుతుంది. మిగతాది సాధన.

మన బళ్లలో పంద్రాగస్టుకి జరిగే పోటీలు తలచుకోండి. మేష్టారు రాసిచ్చిన రెండు పేజీలు బట్టీపట్టి, 'సభాధ్యక్షులకు, న్యాయనిర్ణేతలకు' అని అందుకుంటే చివరి దాకా ఎదురుచెప్పేవాడు ఉండడు. బెదురు పోతుంది, నిజమే. కానీ డిబేట్‌లో ఎదుటి బల్ల దగ్గర ఒకడు కాగితం, పెన్సిలు పట్టుకుని మన మాటలో పగులు ఎక్కడుందా అని చూస్తుంటాడు. ఏ పక్షం ఇస్తే ఆ పక్షం వాదించాలి. కాబట్టి వాడేమంటాడో వాడికన్నా ముందు మనమే అనుకుని ఉండాలి.

బార్బరా జట్టుతో వాదించడానికి ఒకసారి హార్వర్డ్ జట్టు టెక్సాస్ సదరన్‌కి వచ్చింది. న్యాయనిర్ణేతలు సమానమని తీర్పు చెప్పారు. హార్వర్డ్‌తో నల్లజాతి జట్టు సమానమైందంటే గెలిచినట్టేనని ఆమె తర్వాత చమత్కరించేది.

అంతటి డిబేటర్‌కి బోస్టన్ యూనివర్సిటీ లా స్కూల్లో చుక్కలు కనబడ్డాయి. ఒక మాటను గంభీరంగా పలికినంత మాత్రాన అది నిజమైపోదని, తనకన్నా చురుకైనవాడు లేచి కాదంటాడని, అప్పటిదాకా చేసింది చాలావరకు ఉపన్యాసమే తప్ప ఆలోచన కాదని ఆమే ఒప్పుకుంది. చర్చి ఇచ్చిన గొంతుకి, డిబేట్ రుచి చూపించిన తర్కానికి అక్కడే పూర్తిగా ముడిపడింది.

1974 జూలై 25, వాషింగ్టన్. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను అభిశంసించాలా వద్దా అని ప్రతినిధుల సభ న్యాయకమిటీ కూర్చుంది. ఒక్కో సభ్యుడికి 15 నిమిషాలు. దేశమంతా టీవీల ముందుంది. అప్పటికి ఆ సభకు ఎన్నికై, కమిటీలో ఉన్న బార్బరా వంతు వచ్చింది. తిట్టలేదు, గొంతు పెంచలేదు. రాజ్యాంగం 'మేము, ప్రజలం' అని మొదలైనప్పుడు అందులో తన జాతి లేదని గుర్తుచేసింది. అయినా ఆ రాజ్యాంగం మీద తన నమ్మకం పూర్ణమని చెప్పింది. ఆ తర్వాత అసలు పని. అభిశంసనకు మాడిసన్ లాంటివాళ్లు పెట్టిన కొలత ఒకటి చదవడం, పక్కనే నిక్సన్ చేసిన పని ఒకటి పెట్టడం. మళ్లీ ఇంకో కొలత, ఇంకో పని. అలా పేర్చుకుంటూ పోయింది. ఎదుటి బల్లవాడు పెన్సిలు పెట్టడానికి సందు ఎక్కడ?

రెండు రోజులకు కమిటీ 27-11తో మొదటి అభియోగాన్ని ఆమోదించింది. ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయాడు. హ్యూస్టన్‌లో ఒకాయన సొంత డబ్బుతో ఊళ్లో పెద్ద పెద్ద బోర్డులు కట్టించాడు. రాజ్యాంగాన్ని మాకు అర్థమయ్యేలా చెప్పినందుకు కృతజ్ఞతలు బార్బరా జోర్డాన్ అని.