మూతపడిన అంగడి, ముగియని పన్ను

హైదరాబాదు నగరమునకు తూర్పున రామంతాపూర్ అను పేట కలదు. దూరదర్శన కేంద్రపు ఎత్తైన స్తంభముచే దానిని ఎరుగనివారు అరుదు. అచ్చటికి సమీపముననే ఉప్పల్, నాచారము పారిశ్రామికవాడలున్నవి. పెద్ద కర్మాగారములకు కావలసిన మరలు, అచ్చులు, అట్టపెట్టెలు చేసి యిచ్చు చిన్న చిన్న షెడ్లు ఈ పరిసరముల వీథులలో ఎన్నియో వెలసినవి. వానిలో కొన్ని నిలిచినవి, కొన్ని మూతపడినవి.

అట్టి షెడ్డులో రెండు లేతు యంత్రములు పెట్టుకొని పనిచేసిన ఒక గృహస్థును ఊహించుకొనుడు. పనులు తగ్గినవి. సరకు తీసికొన్నవారు సొమ్ము చెల్లింపరైరి. అద్దె పేరుకొనెను. ఒకనాడు ఆయన యంత్రములను అమ్మి, పనివారి జీతములు తీర్చి, షట్టరు దించి తాళము వేసి, వేరొకరి యొద్ద కొలువునకు కుదిరెను. కథ అంతటితో ముగిసినదని తలచెను. మూడేండ్ల తరువాత పన్నుల శాఖనుండి తాఖీదు వచ్చెను. ‘వ్యాపారమే లేనప్పుడు పన్ను ఎక్కడిది?’ అని ఆయన ప్రశ్న. ఈ ప్రశ్న ఆయనతో పుట్టినది కాదు. మన తాతముత్తాతలు మగ్గముల యొద్దను, కొలుముల యొద్దను ఇదే ప్రశ్న వేసియున్నారు. దానికి దొరకిన సమాధానముల చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

సర్కారు బాకీ యనగానే మనకు గోలకొండ చెరసాలలోని కంచర్ల గోపన్న స్మరణకు వచ్చును. కాని గోపన్న తహశీలుదారు, వసూలు చేయవలసినవాడు. చెల్లింపలేకపోయిన సాలెవాని కథను, కంసాలి కథను ఎవరును పాటగా కట్టలేదు. వారి పన్నుకు మొహతర్ఫా అని పేరు. చేతివృత్తివాడను అర్థముగల పారసీక వ్యవహారపు మాటనుండి ఆ పేరు వచ్చినది. నైజాము రాజ్యములోను, కుంపిణీవారి ఏలుబడిలోనుండిన తెలుగు జిల్లాలలోను ఈ పన్ను ఉండెను. మగ్గమునకు ఇంత, గానుగకు ఇంత, అంగడికి ఇంత, ఇంటికి ఇంత అని దానిని కట్టెడివారు. వచ్చిన లాభమెంతయని అడుగుట లేదు. ఉన్న పనిముట్టు ఏదియని మాత్రమే అడుగుట. కావున బేరము సాగినను, సాగకున్నను పన్ను ఒక్కటియే.

సర్కారు జిల్లాలలో వర్తకులపై వీసబడి యను మరియొక పద్ధతి కలదు. వీసము అనగా పదునారవ వంతు. ఊరి వర్తకులందరిపై ఒక మొత్తము నిర్ణయింపబడును. వారు తమలో తాము వీసముల చొప్పున పంచుకొనవలెను. చూచుటకు ఇది న్యాయముగానే ఉన్నది. ఎవరి స్థితి ఎట్టిదో తోటివారికే బాగుగా తెలియునుగదా! కాని మొత్తము తగ్గనంతవరకు, ఒకడు చితికి అంగడి మూసినచో వాని వీసము మిగిలినవారి తలపై పడును. చెడినవానిని చూచి జాలిపడవలసిన తోటి వర్తకుడే వానిని పోనీయక పట్టుకొనవలసిన అవస్థ అట్లు ఏర్పడును.

ఇక్కడ సేద్యగానికిని, చేతిపనివానికిని గల భేదము గమనింపదగినది. రయత్వారీ పద్ధతిలో రైతు తాను దున్నలేని భూమిని విడిచిపెట్టదలచినచో రాజీనామా వ్రాసి యిచ్చెడివాడు. గడువులోగా ఆ కాగితము ఇచ్చినచో పాత బాకీ పోదు గాని, రాబోవు సంవత్సరపు శిస్తు వానిపై పడదు. సాలెవానికి భూమివలె విడిచిపెట్టుటకు పట్టా లేదు. వాని పట్టా వాని చేతులే. అందుచేత అతడు ఎరిగిన రాజీనామా ఒక్కటియే: రాత్రికి రాత్రి ఆలుబిడ్డలతో ఊరి పొలిమేర దాటుట. వలసపోవుట బాకీ తీర్చుట కాదు. బాకీనుండి పారిపోవుట మాత్రమే. తిరిగి వచ్చిననాడు అది గుమ్మమునందే ఎదురగును.

పారిపోనివారి గతి యేమి? 1852లో చెన్నపట్టణమున గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠిగారు మద్రాసు నేటివ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించిరి. ఆయన తెలుగు వర్తకుడు. 1844లోనే ‘క్రెసెంట్’ అను ఆంగ్లపత్రికను నెలకొల్పినవాడు. ఆ సంఘము ఇంగ్లండు పార్లమెంటునకు పంపిన మహజరులో మొహతర్ఫా గోడు వినిపించెను. వీథి ప్రక్కన కూర్చుండి అమ్ముకొనువానిని సైతము ఈ పన్ను విడువలేదనియు, పనిముట్టు వెలకంటె దానిపై పన్ను ఆరురెట్లు మించిన సందర్భములు కలవనియు అందులో మొరపెట్టుకొనిరి. పన్నుల వసూలునకై జరుగుచుండిన చిత్రహింసల వార్త పార్లమెంటునకు చేరగా, 1854లో ఒక విచారణ సంఘము నియమింపబడెను. ఎండలో నిలువబెట్టుట, నడుము వంచి త్రాటితో కట్టివేయుట, కిట్టి యను కొయ్యల నడుమ వ్రేళ్లు నొక్కుట — ఇట్టివి జరుగుచున్నమాట నిజమేనని 1855 నాటి ఆ సంఘపు నివేదిక ఒప్పుకొనెను. చెల్లింపలేనివానిని, చెల్లింపనివానిని ఒకే కిట్టిలో నొక్కిన కాలమది.

ఈ వర్తకశ్రేష్ఠి తాను సైతము తుదకు ధనమంతయు కోల్పోయి 1868లో మరణించెను. వ్యాపారమున చెడుట సోమరితనమునకు గుర్తు కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

1857 తిరుగుబాటు పిమ్మట బొక్కసము వట్టిపోగా, 1860లో జేమ్సు విల్సను దొర ఆదాయపు పన్నును ప్రవేశపెట్టెను. మద్రాసు గవర్నరైన ట్రెవెలియను దొర దానిని బహిరంగముగా వ్యతిరేకించి పదవి పోగొట్టుకొనెను. అయినను ఆ మార్పుతో ఒక మేలు కలిగెను. 1861 నాటికి మద్రాసు రాజధానిలో మొహతర్ఫా తొలగిపోయెను. పనిముట్టును అడుగుట మాని, రాబడిని అడుగుట ఆరంభమయ్యెను. రాబడి లేనివానికి పన్ను లేదనునది మన ప్రశ్నకు దొరకిన మొదటి మంచి సమాధానము.

రెండవ సమాధానము వసూలు చేయు విధానములో వచ్చెను. 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టము బాకీదారుని చెరసాలకు పంపు అధికారమును ఉంచెను గాని, దానికి హద్దులు గీచెను. ఆస్తి అమ్మినను బాకీ తీరనప్పుడు, బాకీదారుడు బుద్ధిపూర్వకముగా సొమ్ము దాచుచున్నాడనియో, మోసము చేసినాడనియో కలెక్టరు నమ్ముటకు కారణము ఉండవలెను. గడువు రెండు సంవత్సరములకు మించరాదు. కాని ఖైదు అనుభవించినంత మాత్రమున ఋణము తీరదనియు అందులోనే వ్రాసిరి. ఈ చట్టము తరువాతి కాలమున తెలంగాణమునకును వర్తించినది. ఆదాయపు పన్ను బాకీకై ఈ చట్టము క్రింద జరిగిన ఒక నిర్బంధము సక్రమమేనని 1957లో మలబారు కలెక్టరు వ్యాజ్యమునందు సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1980లో అదే న్యాయస్థానము, సామాన్య ఋణముల విషయమున, పేదరికముచే అప్పు తీర్చలేకపోయినవానిని జైలులో పెట్టరాదని తీర్పునిచ్చెను. లేమి వేరు, లోభము వేరు అను మాట ఇట్లు క్రమముగా శాసనమున పాదుకొనెను.

దివాలా తీసినచో అన్నియు పోవునని కొందరి భ్రమ. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము ప్రకారము దివాలాదారునికి విముక్తి లభించినను, సర్కారు బాకీ ఆ విముక్తిలో చేరదు.

మూడవ సమాధానమే మన గృహస్థునకు మిక్కిలి కావలసినది. 1922 నాటి ఆదాయపు పన్ను చట్టము, వ్యాపారము విరమించినవాడు పదునైదు దినములలో ఆ సంగతి అధికారికి తెలుపవలెనని విధించెను. 1950లో ఆ చట్టము హైదరాబాదునకు వర్తించెను. 1961 చట్టమును అదే నియమమును నిలుపుకొనెను. ఇది యేమి? రైతు ఇచ్చిన రాజీనామాయే! సాలెవానికి ఆనాడు దొరకని కాగితము చేతిపనివానికి, వర్తకునికి ఇట్లు దొరకినది.

నష్టము మాటయు అట్లే. 1961 చట్టము క్రింద, నష్టము వచ్చిన వ్యాపారమును కొనసాగించువారికే ఆ నష్టమును ముందు సంవత్సరముల లాభములో తగ్గించుకొను వీలుండెను. మూసినవానికి నష్టము నష్టముగానే మిగిలెడిది. ఈ నిబంధన 2000-2001 అసెస్‌మెంటు సంవత్సరమునుండి తొలగెను. సకాలమున రిటర్ను వేసియున్నచో, మూసిన వ్యాపారపు నష్టమును ఎనిమిది సంవత్సరములవరకు మరియొక వ్యాపారపు లాభములో తగ్గించుకొనవచ్చును. కొలువు జీతములో మాత్రము తగ్గింపరాదు.

ఇక అమ్మకపు పన్ను. హైదరాబాదు రాష్ట్రమున 1950లో వచ్చిన చట్టము, 1957 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము, 2005లో వ్యాట్, 2017 జులై 1నుండి జీఎస్టీ — పేర్లు మారినవి గాని రిజిస్ట్రేషను అను మూలసూత్రము మారలేదు. రిజిస్ట్రేషను ఉన్నంతకాలము, అమ్మకము లేని నెలకును లేదని రిటర్ను వేయవలసినదే. వేయనిచో ఆలస్యపు రుసుము చేరును. అధికారి తనకు తోచిన అంచనాతో పన్ను కట్టవచ్చును. రామంతాపూర్ గృహస్థునకు వచ్చిన తాఖీదు ఇట్టిదే. ఆయన షట్టరు దించినాడు గాని రాజీనామా ఇయ్యలేదు.

అట్టివారు చేయవలసినది వరుసగా చెప్పుదును. మొదట ఆదాయపు పన్ను, జీఎస్టీ, వృత్తిపన్నులలో దేనికి ఎంత బాకీయో విడివిడిగా వ్రాసికొనవలెను. మిగిలియున్న రిటర్నులు వేయవలెను; అప్పుడే అంచనా బాకీకి బదులు నిజమైన బాకీ తేలును. రిజిస్ట్రేషను రద్దుకు దరఖాస్తు చేసి, రద్దైన పిమ్మట మూడు నెలలలో తుది రిటర్ను సమర్పింపవలెను. రద్దువలన పాత బాకీ పోదు. క్రొత్త బాకీ పుట్టదు. జీఎస్టీలో, తన రిటర్నులో తానే ఒప్పుకొన్న పన్ను కాక ఇతరమైన బాకీని ఇరువదినాలుగు నెలలకు మించని వాయిదాలలో కట్టుటకు అనుమతి కోరవచ్చును. ప్రభుత్వములు అప్పుడప్పుడు రాయితీ పథకములు ప్రకటించుట కలదు. 2022లో తెలంగాణ ప్రభుత్వము జీఎస్టీకి పూర్వపు బాకీలకు అట్టిది ప్రకటించెను. కాని రానున్న రాయితీని నమ్మి, వచ్చిన తాఖీదును అటకమీద పెట్టరాదు. ఖాతా పుస్తకములను మాత్రము షెడ్డుతోపాటు పాతసామానువానికి అమ్మివేయవలదు. చెల్లింపలేనివానికిని చెల్లింపనివానికిని గల భేదమును సాక్ష్యముతో చూపగలిగినవి ఆ పుస్తకములే.

శ్రోతలారా! పొలిమేర దాటుట తప్ప వేరు దారిలేని సాలెవానికిని మనకును నడుమ రెండువందల యేండ్ల పోరాటము కలదు. మహజరులు వ్రాసినవారు, కిట్టిలో నలిగి సాక్ష్యము చెప్పినవారు మనకు సంపాదించి పెట్టినది పన్ను లేని లోకము కాదు. ‘నాకు సాగలేదు, మూసివేసితిని, ఇదిగో నా లెక్క’ అని నిలిచి చెప్పుకొను హక్కు. వ్యాపారమున ఓడిపోవుట సిగ్గుపడవలసిన పని కాదు. తాళము వేసిన రోజుననే ఆ మాట కాగితముపై వ్రాసి ఇచ్చినవాడు, మూడేండ్ల తరువాత గుమ్మమున తపాలావానిని చూచి ఉలికిపడడు.